మాట నిలుపుకునే పాలనకే పెట్టుబడి

రెండు మూడేళ్ళకొకసారి ఏదో ఒక నగరంలో పెట్టుబడుల సదస్సు జరుగుతుంది. మరునాటి పత్రికల మొదటి పుటలో లక్షల కోట్ల అంకెలు దర్శనమిస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపిన వాణ్ణి కాబట్టి, ఆ అంకెలను చూసినప్పుడు నాకు ఉత్సాహం కన్నా ముందు సందేహం కలుగుతుంది. అవగాహన ఒప్పందం సాధారణంగా చట్టరీత్యా ఎవరినీ కట్టడి చేయని కాగితం. ఆ కాగితం మీద సంతకం పడిన రోజుకూ, కర్మాగారంలో యంత్రం తిరిగిన రోజుకూ నడుమ ఉన్నదే అసలు కథ. ఆ నడుమ ఉన్నదానికే పాలన అని పేరు.

విదేశీ పెట్టుబడి సంగతి మనకెందుకు, అది మంత్రులకూ, కోటీశ్వరులకూ సంబంధించిన వ్యవహారం కదా అని పాఠకులు అనుకోవచ్చు. అలా అనుకోవడం పొరపాటు. విదేశీయుడు మన దేశంలో డబ్బు పెట్టే ముందు ఏయే ప్రశ్నలు వేసుకుంటాడో, అవే ప్రశ్నలు ఒక చిన్న దుకాణదారుడు తాలూకా కార్యాలయం మెట్లెక్కేటప్పుడు వేసుకుంటాడు. ఇచ్చిన మాట నిలుపుతారా? రాసిన నిబంధన రేపు కూడా ఉంటుందా? అన్యాయం జరిగితే అడిగే చోటు ఉందా? ప్రశ్నలు ఒకటే. జవాబు కోసం వెళ్ళగలిగే చోట్లు మాత్రం ఒకటి కావు. ఆ తేడా గురించే ఈ వ్యాసం.

పాలనకు కొలమానం

ప్రపంచ బ్యాంకు 1996 నుంచి దేశాల పాలనా నాణ్యతను ఆరు అంశాలుగా లెక్కకడుతోంది. ప్రజల మాటకు విలువ, పాలకుల జవాబుదారీతనం, రాజకీయ సుస్థిరత, హింస లేకపోవడం, ప్రభుత్వ యంత్రాంగపు సామర్థ్యం, నియంత్రణల నాణ్యత, చట్టబద్ధ పాలన, అవినీతి అదుపు. ఈ ఆరింటిలో ఎక్కడా పన్ను రాయితీ ప్రస్తావన లేదు, చౌక భూమి ప్రస్తావన లేదు. మన ప్రభుత్వాలు మాత్రం పెట్టుబడి కోసం పోటీ పడేది ఎక్కువగా ఆ రెండింటితోనే.

మన పల్లెల్లో ఒక అనుభవం ఉంది. మాట మీద నిలబడని వాడికి అప్పు పుట్టదు. పుట్టినా ధర్మవడ్డీకి పుట్టదు. దేశాల విషయంలోనూ అంతే. నమ్మకం తక్కువైన చోటికి పెట్టుబడి రాకుండా పోవడం ఒక నష్టం. వచ్చేవాడు ఎక్కువ లాభం, ఎక్కువ హామీలు కోరి రావడం అంతకన్నా పెద్ద నష్టం. దీనికి దాభోల్ కన్నా మంచి ఉదాహరణ మరొకటి లేదు.

తలుపులు మూసి చేసిన ఒప్పందం

సరళీకరణ మొదలైన మరుసటి ఏడాది, 1992లో, అమెరికాకు చెందిన ఎన్రాన్ సంస్థ మహారాష్ట్ర విద్యుత్ బోర్డుతో అవగాహనకు వచ్చింది. రత్నగిరి జిల్లా దాభోల్‌లో భారీ విద్యుత్ కేంద్రం కడతామన్నది. పోటీ టెండర్లు లేవు. ఇంత ఖరీదైన విద్యుత్తు ఆ రాష్ట్రానికి గిట్టుబాటు కాదని 1993లోనే ప్రపంచ బ్యాంకు చెప్పి రుణం ఇవ్వడానికి నిరాకరించింది. అయినా కొనుగోలు ఒప్పందం కుదిరింది. బోర్డు చెల్లించకపోతే రాష్ట్ర ప్రభుత్వం హామీ, రాష్ట్రం చెల్లించకపోతే కేంద్రం హామీ.

1995లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. కొద్ది నెలలకే మళ్ళీ బేరమాడి మరింత పెద్ద ప్రాజెక్టుకు ఒప్పుకుంది. 1999లో తొలి దశ విద్యుత్తు వచ్చింది. ధర భరించలేక బోర్డు చేతులెత్తేసింది. 2001లో కేంద్రం మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్రానే దివాలా తీసింది.

ఈ కథలో తప్పు ఎవరిది? ఎన్రాన్ దురాశ ఉన్నది, సందేహం లేదు. అయితే ఆ దురాశకు తలుపు తీసింది మన పాలనే. ఒప్పందం ప్రజల ముందుకు వచ్చి, పోటీ జరిగి, నియంత్రణ సంస్థ ధరను పరిశీలించి ఉంటే అది ఆ రూపంలో పుట్టేదే కాదు. చేసేటప్పుడు చీకట్లో చేయడం, రద్దు చేసేటప్పుడు రాజకీయంగా చేయడం, తిరిగి ఒప్పుకునేటప్పుడు తొందరలో ఒప్పుకోవడం – ఈ మూడూ పాలనా లోపాలే. నిరసన తెలిపిన గ్రామస్తులు లాఠీలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు. అడిగేవారి నోరు మూయించిన చోట చెడ్డ ఒప్పందాన్ని సకాలంలో ఆపగలిగేవారు ఎవరూ మిగలరు.

వెనుకటి తేదీ వేసిన చట్టం

రెండవ ఉదాహరణ వొడాఫోన్. 2007లో ఆ సంస్థ కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ వాటాలను కొనడం ద్వారా మన దేశపు హచ్ టెలిఫోన్ వ్యాపారాన్ని చేజిక్కించుకుంది. బేరం విలువ సుమారు 1,100 కోట్ల డాలర్లు. మన గడ్డ మీది ఆస్తి చేతులు మారినప్పుడు మనకు పన్ను రావాలన్న ప్రభుత్వ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ అప్పటికి ఉన్న చట్టం ప్రకారం ఆ పన్ను వసూలు చేయడానికి వీల్లేదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అప్పుడు ప్రభుత్వం ముందు సరైన దారి ఒకటి ఉంది: ఇకముందు జరిగే బేరాలకు వర్తించేలా చట్టం మార్చుకోవడం. అలా కాక, అదే ఏడాది బడ్జెట్‌లో చట్టాన్ని సవరించి, ఆ సవరణ 1962 ఏప్రిల్ 1 నుంచే అమలులో ఉన్నట్టు ప్రకటించారు. 1962 నాటికి నేను నడక నేర్చుకుంటున్నాను! కార్యాలయంలో రిజిస్టరుకు వెనుకటి తేదీ వేసిన గుమాస్తాను సస్పెండ్ చేస్తారు. పార్లమెంటు ద్వారా అదే పని జరిగితే దానిని విధానం అన్నారు.

రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లో చమురు కనుగొన్న బ్రిటిష్ కంపెనీ కెయిర్న్‌కు కూడా అదే చట్టం తగిలింది. 2006లో జరిగిన అంతర్గత పునర్వ్యవస్థీకరణకు పది వేల కోట్ల రూపాయలకు పైగా పన్ను కట్టమన్నారు. దాని వాటాలను స్వాధీనం చేసుకుని అమ్మారు. రెండు కంపెనీలూ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళాయి. 2020 సెప్టెంబరులో వొడాఫోన్, డిసెంబరులో కెయిర్న్ గెలిచాయి. ఆ సొమ్ము రాబట్టుకోవడానికి కెయిర్న్ న్యూయార్క్‌లో ఎయిరిండియా మీద దావా వేసింది; పారిస్‌లోని మన ప్రభుత్వ ఆస్తుల మీద 2021లో అక్కడి కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. చివరకు 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ వెనుకటి తేదీ పన్నును ఉపసంహరించుకుంది. కెయిర్న్‌కు సుమారు రూ. 7,900 కోట్లు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. పన్నూ దక్కలేదు, పరువూ దక్కలేదు.

ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. అంతకు ముందు కుదిరిన పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని, వాటిని తగ్గించడానికి జూలైలో ఒక కమిటీని నియమించారు. యూనిట్‌కు పవన విద్యుత్తుకు రూ. 2.43, సౌర విద్యుత్తుకు రూ. 2.44 చొప్పున తీసుకోవాలన్నారు. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. కేంద్ర విద్యుత్ మంత్రి అభ్యంతరం చెప్పారు. జపాన్ రాయబారి ఆందోళన తెలుపుతూ లేఖ రాశారు. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలోని ధర ప్రకారమే బకాయిలు ఆరు వారాల్లో చెల్లించాలని ఆదేశించింది.

పాత ప్రభుత్వం చేసిన ఒప్పందంలో లోపముంటే ప్రశ్నించకూడదని నేను అనను. అవినీతి జరిగితే విచారించాలి, సాక్ష్యం చూపి న్యాయస్థానంలో రద్దు చేయించాలి. కానీ సంతకం ఒక పార్టీది కాదు, రాష్ట్రానిది. ఎన్నికల్లో మారేది మంత్రివర్గమే తప్ప రాష్ట్రం కాదు.

అదే ఏడాది, అదే రాష్ట్రంలో మరొక దృశ్యం కూడా ఉంది. కొరియాకు చెందిన కియా సంస్థతో 2017లో ఒక ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర కట్టిన కార్ల కర్మాగారాన్ని 2019 డిసెంబరులో మరొక ప్రభుత్వపు ముఖ్యమంత్రి ప్రారంభించారు. అనంతపురం వంటి కరువు సీమలో ఆ కర్మాగారం నిలిచింది. ఒక చోట మాట సాగింది, మరొక చోట మాట తెగింది. ఫలితాలు మన కళ్ళ ముందే ఉన్నాయి.

వేగం ఒక్కటే పాలన కాదు

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పెట్టుబడిదారుడు అడిగినదల్లా వెంటనే ఇవ్వడమే సుపరిపాలన అని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఒడిశాలో 2005లో కొరియా ఉక్కు సంస్థ పోస్కోతో రూ. 52,000 కోట్ల ఒప్పందం జరిగింది. దేశంలోకి వచ్చే అతి పెద్ద విదేశీ పెట్టుబడి అన్నారు. కానీ జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో ఆ భూముల మీద తమలపాకు తోటలు వేసుకుని బతుకుతున్న కుటుంబాల అంగీకారం తీసుకోలేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం జరగవలసినది సక్రమంగా జరగలేదు. పన్నెండేళ్ళ పోరాటం తరువాత 2017లో పోస్కో వెనుదిరిగింది. పేదవాడి హక్కును దాటవేసి అడ్డదారిలో వెళ్ళడం వల్ల ప్రాజెక్టు త్వరగా రాలేదు. అసలు రాకుండా పోయింది.

మరి చైనా మాటేమిటి, అక్కడ ప్రజల మాటకు విలువ లేకపోయినా పెట్టుబడి పోటెత్తలేదా అని అడుగుతారు. ఆ ప్రశ్నను దాటవేయకూడదు. చైనా 1980లో షెన్‌జెన్ వంటి ప్రత్యేక మండలాలు తెరిచిన నాటి నుంచి దశాబ్దాల పాటు తన పారిశ్రామిక విధానపు దిశ మార్చలేదు. పెట్టుబడిదారులు నమ్మింది ఆ నిలకడను. 2020 తరువాత టెక్నాలజీ, ట్యూషన్ సంస్థల మీద నిబంధనలు రాత్రికి రాత్రి మారినప్పుడు వారే వెనుకాడారు. అంగోలా అంతర్యుద్ధంలో ఉన్నప్పుడు కూడా పాశ్చాత్య చమురు కంపెనీలు అక్కడ పనిచేశాయి. నిజమే. చమురు ఎక్కడుంటే కంపెనీ అక్కడికి వెళుతుంది. కానీ సముద్రం మధ్యలోని చమురు బావి ఎందరికి ఉపాధి ఇస్తుంది? వేలాది మంది యువకులకు పని ఇచ్చే కర్మాగారానికి మాత్రం దేశాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది. అది పాలన చూసే వస్తుంది.

ఆలస్యానికి శిక్ష పడిన రోజు

మన పాఠకులు ముఖ్యంగా తెలుసుకోవలసిన కేసు ఒకటి ఉంది. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 1989లో కోల్ ఇండియాతో పిపర్వార్ బొగ్గుగని కోసం ఒప్పందం చేసుకుంది. వివాదం వచ్చింది. 2002లో మధ్యవర్తులు కంపెనీకి నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఇవ్వాలని తేల్చారు. కోల్ ఇండియా కలకత్తా హైకోర్టుకు వెళ్ళింది, కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఏళ్ళు గడిచాయి. తీర్పు రాలేదు. విసిగిన ఆ కంపెనీ ఈసారి భారతదేశం మీదనే అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు ఫిర్యాదు చేసింది. కువైట్‌తో మనం చేసుకున్న పెట్టుబడి ఒడంబడికలో, హక్కు సాధించుకోవడానికి ప్రభావవంతమైన మార్గం కల్పిస్తామన్న మాట ఉంది. ఆ మాట తమకూ వర్తిస్తుందని వాదించింది. 2011 నవంబరులో మధ్యవర్తులు అంగీకరించారు. తొమ్మిదేళ్ళ కోర్టు జాప్యం వల్ల భారతదేశం మాట తప్పిందని చెప్పి, సొమ్ము వడ్డీతో సహా చెల్లించమన్నారు.

ఈ తీర్పు చదివిన రోజు నేను చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. తొమ్మిదేళ్ళు ఆలస్యమైతే ఒక కంపెనీకి పరిహారం లభించింది. మన దేశపు జైళ్ళలో ఉన్న నలుగురిలో ముగ్గురు ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలు. వారికి ఆలస్యపు పరిహారం ఏ ఒడంబడికలో రాసి ఉంది?

ఆ తరువాత మన ప్రభుత్వం ఏం చేసింది? 2015లో వాణిజ్య న్యాయస్థానాల చట్టం తెచ్చింది, అది మంచిదే. దానితోపాటు పాత పెట్టుబడి ఒడంబడికలను చాలావరకు రద్దు చేసుకుని, విదేశీ కంపెనీ ముందు ఐదేళ్ళు స్థానిక కోర్టుల్లో ప్రయత్నించాలన్న కొత్త నమూనా తెచ్చింది. రోగమొకటైతే మందు మరొకటి. ప్రపంచ బ్యాంకు 2020 సంవత్సరపు వ్యాపార సౌలభ్య జాబితాలో మనం మొత్తం మీద 63వ స్థానానికి ఎగబాకామని పండుగ చేసుకున్నాం. అదే జాబితాలో ఒప్పందాల అమలులో మన స్థానం 190 దేశాల్లో 163. ఒక వ్యాపార వివాదం తేలడానికి 1,445 రోజులు. గణాంకాల్లో అవకతవకల కారణంగా తరువాత ఆ జాబితానే ప్రపంచ బ్యాంకు నిలిపివేసింది. అయినా కోర్టు వరండాలో ఎదురుచూసిన వారెవరికీ ఆ 1,445 అంకె అతిశయోక్తిగా తోచదు.

హేగ్ దాకా వెళ్ళలేనివారు

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పెద్దమనిషి నెలనెలా నా బల్ల దగ్గరకు వచ్చేవారు. బ్యాంకు అప్పుతో చిన్న లేత్ వర్క్‌షాపు పెట్టుకున్నారు. పథకం ప్రకారం రావలసిన సబ్సిడీకి మంజూరు ఉత్తర్వు చేతిలో ఉంది. డబ్బు మాత్రం రాలేదు. "బడ్జెట్ రాలేదు భాయ్, వచ్చే నెల చూద్దాం" అని చెప్పి పంపేవాణ్ణి. ఒకసారి ఆయన ఆ కాగితం నా ముందు పరచి ఇలా అన్నారు: "భాయ్‌సాబ్, బ్యాంకువాళ్ళు నా సంతకం చూపించి కిస్తీ అడుగుతున్నారు. సర్కారు సంతకం నేను ఎవరికి చూపించి అడగాలి?"

నా దగ్గర జవాబు లేదు. అంతకన్నా పెద్ద తప్పు ఒకటి నేను చేశాను. ఆయనకు ఒక్కసారి కూడా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వలేదు. రాసిస్తే ఫైలు పైకి పంపాలి, పై అధికారికి సంజాయిషీ చెప్పాలి. నోటిమాటతో పంపడం సులువు. మూడో ఏడు ఆయన లేత్ అమ్మేశారు. సబ్సిడీ ఆ తరువాత వచ్చింది, నేరుగా అప్పు ఖాతాలో జమైంది. అప్పటికి వర్క్‌షాపుకు తాళం పడింది. పాలన నాణ్యత అన్న మాట ఎవరైనా అంటే నాకు ప్రపంచ బ్యాంకు నివేదిక కన్నా ముందు ఆయన ముఖం గుర్తుకొస్తుంది. ఆ ఆలస్యంలో నా వంతూ ఉంది.

వొడాఫోన్‌కు హేగ్ ఉంది. ఆ పెద్దమనిషికి నా బల్ల ఒక్కటే ఉంది.

విదేశీయుడికి న్యాయం జరగకూడదని నా వాదన కాదు. అతనికి ఇవ్వగలిగిన న్యాయాన్ని పౌరుడికి ఎందుకు ఇవ్వలేమన్నదే నా ప్రశ్న. తెలంగాణ 2014లో తెచ్చిన పారిశ్రామిక అనుమతుల చట్టం భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగిలినవాటికి 30 రోజుల గడువు పెట్టింది; ఆలస్యం చేసిన అధికారికి జరిమానా కూడా ఉంది. అంటే గడువు పెట్టడం, బాధ్యత మోపడం మన యంత్రాంగానికి చేతకాని పని కాదు. మధ్యప్రదేశ్ 2010లోనే పౌర సేవలకు అటువంటి హామీ చట్టం తెచ్చింది. పెన్షన్ దరఖాస్తుకు, స్కాలర్‌షిప్‌కు, చిన్న దుకాణపు లైసెన్సుకు కూడా అదే గడియారం, అదే జరిమానా నిజంగా అమలు కావాలి.

నోటీసు విషయమూ అంతే. ముందస్తు నోటీసు లేకుండా, వాదన వినకుండా ఇళ్ళు కూల్చడం రాజ్యాంగ విరుద్ధమని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు స్పష్టం చేసి, కనీసం 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. సామాన్యుడి ఇంటికి నోటీసు అక్కరలేదనుకునే యంత్రాంగం రేపు కర్మాగారానికి నోటీసు ఇస్తుందని ఎవరు నమ్ముతారు? ఆస్తికి భద్రత అన్నది ఒకరికి ఉండి మరొకరికి లేకుండా ఎక్కువ కాలం నిలిచే వస్తువు కాదు. హింస లేకపోవడాన్ని, చట్టబద్ధ పాలనను ఆ ఆరు కొలమానాల్లో చేర్చింది ఊరికే కాదు.

చేయవలసినవి

ప్రభుత్వాలు చేయవలసినవి నాలుగు. పెట్టుబడి ఒప్పందాలు, వాటికిచ్చే రాయితీలు ప్రజలందరూ చదవగలిగేలా ప్రచురించాలి. వెనుకటి తేదీతో ఏ భారమూ మోపకూడదు. పాత ఒప్పందాన్ని మార్చాలంటే న్యాయస్థానం లేదా నియంత్రణ సంస్థ ద్వారానే మార్చాలి. చిన్న పరిశ్రమలకు మంజూరు చేసిన ప్రోత్సాహకాల బకాయిలు కొత్త సదస్సు కన్నా ముందు చెల్లించాలి.

మన వంతుగా చేయవలసినవీ ఉన్నాయి. మన యువకుల్లో చాలామంది వెల్డింగ్, మెకానిక్, దర్జీ, ఫర్నిచర్ పనుల్లో ఉన్నారు. పెద్ద కంపెనీలకు సరుకు అందించేవారూ ఉన్నారు. వారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తప్పక చేయించుకోవాలి. 2006 చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థ సరఫరా చేసిన సరుకుకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. కొనుగోలుదారు ప్రభుత్వ సంస్థ అయినా సరే, రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఏ కార్యాలయానికి వెళ్ళినా దరఖాస్తుకు రశీదు తీసుకోండి. "వచ్చే నెల చూద్దాం" అన్న గుమాస్తాను ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అటువైపు కూర్చున్న వాణ్ణి కాబట్టి చెబుతున్నాను, రాతకు భయపడినంతగా కార్యాలయం మరి దేనికీ భయపడదు.

ఈసారి పెట్టుబడుల సదస్సు వార్త చదివినప్పుడు లక్షల కోట్ల అంకెతో ఆగిపోకండి. గత సదస్సులో ఇచ్చిన మాటల్లో ఎన్ని నిలిచాయో అడగండి. సర్కారు సంతకం ఎవరికి చూపించి అడగాలన్న ఆ పెద్దమనిషి ప్రశ్నకు మన దేశంలోనే, మన ఊళ్ళోనే జవాబు దొరికిన రోజున పెట్టుబడి కోసం ఎవరినీ బతిమాలవలసిన అవసరం ఉండదు.